పులి తనంతట తానే తోక ఇస్తే

పులికి రక్తపరీక్ష చెయ్యాలంటే తోక దగ్గర రక్తం తీస్తారు. తోక పక్కగా చర్మం కిందనే ఒక సిర ఉంటుంది, సూదికి సులువుగా దొరుకుతుంది. పులి ఇనుప జాలీని ఆనుకుని పడుకుంటుంది. ముందువైపు ఒక కీపరు పొడవాటి పుల్లకు గుచ్చిన మాంసం ముక్కల్ని ఒక్కొక్కటే అందిస్తుంటాడు. వెనకవైపు ఇంకో కీపరు జాలీ అడుగున ఉన్న సన్నని సందులోంచి తోకను బయటకు తీసి పట్టుకుంటాడు. డాక్టరు సూది గుచ్చుతాడు. పులికి మత్తు ఇవ్వలేదు. కాళ్లు కట్టలేదు. లేచి వెళ్లిపోదామనుకుంటే దాన్ని ఆపేవారు ఎవరూ లేరు. అది మాత్రం నములుతూ అక్కడే పడుకుని ఉంటుంది.

ఈ రోజుల్లో పేరున్న జూలలో ఇది మామూలు పని. అరవై ఏళ్ల కిందట మాత్రం జూ డాక్టరు ముందు ఉన్నవి రెండే మార్గాలు. ఒకటి, గోడలు దగ్గరకు జరిపి జంతువును కదలకుండా అదిమిపెట్టే స్క్వీజ్ కేజ్. రెండోది మత్తు సూది. న్యూజిలాండ్‌కు చెందిన కోలిన్ మర్డాక్ 1950ల చివర్లో మత్తు సూదిని తుపాకీతో దూరం నుంచి పేల్చే పద్ధతికి రూపం ఇచ్చాక రెండో మార్గం బాగా తేలికైంది. తేలికైంది గానీ ప్రమాదం పోలేదు. కడుపు నిండా తిని ఉన్న జంతువుకు మత్తిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జిరాఫీ పడితే ఆ ఎత్తు నుంచి పడుతుంది. ముసలి జంతువు లేవకనే పోవచ్చు. అందుకని ప్రాణం మీదికి వస్తే తప్ప పరీక్షల జోలికి పోకపోవడమే చాలాచోట్ల రివాజు. చెప్పకుండా నడిచిన మూడో మార్గం అదే.

అక్కడి నుంచి తోక ఇచ్చే పులి దాకా వచ్చిన దారి ఏ జూలోనూ మొదలవలేదు. అది ఒక పిండిమిల్లులో, బాంబు పని మీద మొదలైంది.

1943లో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో, జనరల్ మిల్స్ కంపెనీ పిండిమిల్లు పై అంతస్తులో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో కూర్చున్నాడు. యుద్ధం నడుస్తోంది. బాంబు ముక్కులో పావురాన్ని పెట్టి, ఎదుట తెర మీద కనబడే లక్ష్యాన్ని అది పొడుస్తూ ఉంటే బాంబు అటే మళ్లాలి. ఆలోచన అది. సైన్యం దీన్ని ఎప్పుడూ మనస్ఫూర్తిగా నమ్మలేదు, 1944లో ఆపేసింది. పావురాలను బాంబులో కూర్చోబెట్టే అవసరం రాకపోవడం వాటి అదృష్టం.

పై నుంచి ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్న ఒక రోజున స్కిన్నరూ ఆయన శిష్యులూ సరదాకి ఒక పావురానికి బౌలింగ్ నేర్పాలనుకున్నారు. చెక్కబంతిని ముక్కుతో పక్కకి కొట్టాలి. అప్పటిదాకా యంత్రమే గింజలు రాల్చేది, పక్షి సరైన పని చేసేదాకా మనిషి ఎదురుచూసేవాడు. పావురం బంతిని కొట్టలేదు. ఎంతకీ కొట్టకపోయేసరికి, గింజలు రాల్చే మీట చేతిలో పట్టుకుని, బంతి వైపు చూసినా చాలు గింజ వేశారు. తర్వాత దగ్గరికి వెళితే, ఆ తర్వాత ముక్కు తగిలితే. కొద్ది నిమిషాల్లోనే పావురం బంతిని గోడకేసి కొడుతోంది. పూర్తి పని కోసం ఆగకుండా, దాని వైపు పడే ప్రతి చిన్న అడుగుకూ అప్పటికప్పుడు ఫలం ఇవ్వడం అన్న పద్ధతి అలా చేతికి చిక్కింది. స్కిన్నర్ దాన్ని తన జీవితంలోని పెద్ద వెలుగుల్లో ఒకటిగా తర్వాత రాసుకున్నాడు.

ఆయన ప్రొఫెసరు గనక పుస్తకాల్లోకి వెళ్లాడు. ఆ గదిలోనే ఉన్న కెల్లర్ బ్రెలాండ్, అతని భార్య మేరియన్ మాత్రం చదువు వదిలేసి బతుకుతెరువులోకి దిగారు. ఇదేదో పనికొచ్చే విద్య, దీన్ని అమ్ముకోవచ్చు అనుకున్నారు. 1947లో యానిమల్ బిహేవియర్ ఎంటర్‌ప్రైజెస్ అన్న కంపెనీ పెట్టారు. మొదటి ఖాతాదారు ఆ పిండిమిల్లు కంపెనీయే. పల్లెటూరి సంతల్లో దాణా అమ్మడానికి కోళ్ల చేత ఆటలాడించమని అడిగింది. పియానో వాయించే కోడి, నాట్యం చేసే కోడి. తర్వాత కుందేళ్లు, బాతులు, పందులు, రాకూన్లు. 1955లో ఆర్కన్సాస్ రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌లో ఐక్యూ జూ అని ఒకటి తెరిచారు. నాణెం వేస్తే కోడి ఆడుతుంది. చూడ్డానికి గారడీ. శాస్త్రజ్ఞులు దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

నాకు మాత్రం ఈ దంపతులు చేసిన గొప్ప పని కోళ్ల ఆట కాదు, ఓటమిని దాచకుండా అచ్చువేయడమే అనిపిస్తుంది. రాకూన్‌కి నాణేన్ని డబ్బాలో వెయ్యడం నేర్పారు. ఒక్క నాణెం అయితే సరిపోయింది. రెండు ఇస్తే అది వేయలేదు. రెండింటినీ చేతుల్లో పెట్టి ఒకదానితో ఒకటి రుద్దుతూ కూర్చుంది, నీటి ఒడ్డున దొరికిన తిండిని రాకూన్లు రుద్దుకున్నట్టే. పంది చెక్కనాణేన్ని తెచ్చి హుండీలో వేసేది. కొన్నాళ్లయ్యాక దాన్ని దారిలో పడేసి మూతితో నేలను పెళ్లగించడం మొదలుపెట్టింది. ఎంత తిండి పెట్టినా, ఎంత నేర్పినా, చివరికి జంతువు తన జాతి స్వభావం వైపు జారిపోతోంది. ఈ సంగతులన్నీ 1961లో ఒక వ్యాసంగా రాసి తమ గురువు సిద్ధాంతానికి ఎదురు నిలిచారు. ఏ జంతువునైనా ఎలాగైనా మలచవచ్చన్న గర్వం అక్కడే కొంత దిగింది. తర్వాత జూలలోకి ఈ విద్య వచ్చినప్పుడు ‘ముందు ఈ జంతువు అడవిలో ఏం చేస్తుంది’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలన్న పాఠం వీళ్లదే.

అసలు మలుపు నీళ్లలో వచ్చింది.

1950ల నడుమ ఫ్లోరిడాలోని మెరీన్ స్టూడియోస్ వాళ్లు డాల్ఫిన్ల శిక్షణకు బ్రెలాండ్ దంపతుల్ని పిలిచారు. డాల్ఫిన్‌కి కళ్లెం వెయ్యలేరు. కర్ర చూపిస్తే మునిగి అవతలి ఒడ్డున తేలుతుంది. గుర్రాన్నీ ఏనుగునీ కుక్కనీ మనిషి వేల ఏళ్లుగా లొంగదీసుకున్న పనిముట్లు ఒక్కటీ ఇక్కడ చెల్లవు. దానికి రావాలనిపిస్తేనే వస్తుంది. మిగిలిన దారి ఒక్కటే, రావాలనిపించేలా చెయ్యడం.

ఇంకో చిక్కు కూడా ఉంది. డాల్ఫిన్ గాల్లోకి ఎగిరిన క్షణంలో నోటికి చేప అందించలేరు. నీళ్లలో పడి ఈదుకుంటూ వచ్చాక చేప ఇస్తే, అది ఎగిరినందుకా, ఈదినందుకా, తల పైకెత్తినందుకా? దానికి తెలియదు. అందుకే ఈల. ఎగిరిన క్షణాన ఈల మోగుతుంది, తర్వాత చేప వస్తుంది. కొన్నాళ్లకు ఈలే కబురు అవుతుంది: ‘అదే, ఇప్పుడు నువ్వు చేసిందే, దానికే.’ పనికీ ఫలానికీ మధ్య ఖాళీని దాటిస్తుంది గనక ఈ వృత్తిలో దాన్ని బ్రిడ్జ్ అంటారు. నేల మీద అదే పని టిక్కుమనే చిన్న క్లికర్ చేస్తుంది.

హవాయిలోని సీ లైఫ్ పార్కులో 1963లో కారెన్ ప్రయర్ ఈ విద్యను అందుకుంది. ఆమెకు డాల్ఫిన్ల అనుభవం లేదు, చేతికి ఇచ్చిన శిక్షణ కాగితాలు చదువుకుంటూ మొదలుపెట్టింది. కొన్నేళ్లకు ఒక ప్రయోగం చేసింది: ఇంతకుముందు ఎన్నడూ చేయని కొత్త పని చేస్తేనే చేప. పాతవి ఎంత బాగా చేసినా లేదు. డాల్ఫిన్లు మొదట తికమకపడ్డాయి. తర్వాత అర్థం చేసుకుని, మనుషులు ఊహించని గంతులూ తిరుగుళ్లూ తామే కనిపెట్టి చేయడం మొదలుపెట్టాయి. 1969లో అచ్చయిన ఈ ఫలితాన్ని చదివితే శిక్షణ అన్న మాటకే అర్థం మారినట్టుంటుంది. మనిషి ఆజ్ఞ ఇచ్చి జంతువు పాటించడం కాదిది. జంతువు ప్రతిపాదిస్తోంది, మనిషి సరేనంటున్నాడు.

ప్రదర్శనల సంగతి అలా ఉంచండి. వాటిని సమర్థించడం నా ఉద్దేశం కాదు, ఆ తొట్లలో డాల్ఫిన్ల బతుకు ఎలా ఉండేదో వేరే కథ. కానీ ఆ తొట్ల అంచునే కీపర్లు ఒక సంగతి గమనించారు. గంతులు వేయించే ఈల, తోకరెక్కను గట్టు మీద పెట్టి రక్తం ఇప్పించడానికి కూడా పనికొస్తుంది. వెల్లకిలా తేలి కడుపు స్కానింగు చేయించుకోవడానికి, నోరు తెరిచి పళ్లు చూపించడానికి పనికొస్తుంది. ఆట నేర్పిన చేతులే వైద్యానికి మళ్లాయి.

అయితే ఈ విద్య పక్క ఆవరణలోని ఏనుగు దాకా రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ఏనుగును కొట్టగలరు కాబట్టి. అంకుశం ఉంది, గొలుసు ఉంది, తరతరాలుగా పనిచేసిన పద్ధతి ఉంది. బలవంతం కుదిరే చోట ఇంకో దారి వెతకాల్సిన అవసరం ఎవరికీ తోచదు.

1988లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో వైల్డ్ యానిమల్ పార్కులో డుండా అన్న ఆఫ్రికన్ ఆడ ఏనుగును గొలుసులతో కట్టి, లొంగదీయడానికి కొన్ని రోజుల పాటు గొడ్డలి కర్రలతో తల మీద కొట్టారు. సంగతి బయటికి పొక్కింది. ఏనుగుల పనిలో అది మామూలే అని కొందరు సమర్థించుకోబోయారు. ఆ సమర్థనే జనానికి మరింత మంట పుట్టించింది. 1989లో కాలిఫోర్నియా ఏనుగులను అలా హింసించడాన్ని నేరం చేస్తూ చట్టం చేసింది. రెండోవైపు కీపర్ల ప్రాణాలు కూడా పోతున్నాయి. ఏనుగు పక్కన నిలబడి, దానికంటే తానే పెద్ద అని ప్రతిరోజూ నిరూపించుకోవాల్సిన ఉద్యోగం అది. ఏదో ఒక రోజు ఏనుగుకు ఆ మాట నమ్మబుద్ధి కాదు.

ఆ పార్కులోనే డాల్ఫిన్ల లోకం నుంచి వచ్చిన గెయిల్ లాల్, టిమ్ డెస్మండ్ అన్న ఇద్దరు శిక్షకులు ఏనుగుల కీపర్లతో కలిసి కొత్త పద్ధతి నిలబెట్టారు. ప్రొటెక్టెడ్ కాంటాక్ట్ అని పేరు. మధ్యలో గట్టి అడ్డుగోడ. దాంట్లో పాదం పెట్టడానికి ఒక కంత, చెవి చాపడానికి ఒక కంత. కీపరు అవతల, ఏనుగు ఇవతల. పొడుగు కర్ర చివర ఒక బంతి, అదే టార్గెట్. ఏనుగు నుదురు దానికి తాకిస్తే ఈల, ఆపైన ఆపిల్ ముక్క. టార్గెట్ ఎక్కడికి జరిగితే ఒళ్లు అక్కడికి జరుగుతుంది. అలా కొద్దికొద్దిగా పాదం కంతలోకి వస్తుంది.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడేది గోడ కూడా కాదు, రెండు నియమాలు. ఏనుగు రానంటే దానికి శిక్ష లేదు, ఆ పూట మేత యథాప్రకారం అందుతుంది, ఆపిల్ ముక్క మాత్రం పోతుంది. ఏనుగు దురుసుగా ఉంటే కీపరు చేయాల్సింది ఒక్కటే, కొన్ని నిమిషాలు అక్కణ్ణించి వెళ్లిపోవడం. ఎన్ని టన్నుల జంతువైనా ఆట మధ్యలో ఆగిపోతే విసుక్కుంటుంది, మళ్లీ రమ్మని చూస్తుంది. ఇదంతా డాల్ఫిన్ తొట్టిలో సహజంగా ఉన్నదే. నీళ్లు చేసిన పని ఇక్కడ గోడ చేసింది: జంతువుకు పారిపోయే వీలు తిరిగి ఇచ్చింది.

పాత కీపర్లకు ఇది అవమానంగా తోచింది. ఏనుగును తాకలేని మావటి ఏం మావటి అన్నారు. గోడ చాటు నుంచి గోళ్లు ఎలా కత్తిరిస్తారన్నారు. అది చిన్న ప్రశ్న కాదు. బంధనంలో ఉన్న ఏనుగులకు పాదాల జబ్బులు ప్రాణాంతకాలు. చెమ్మనేల మీద, సిమెంటు మీద నిలబడి గోళ్లు పగిలి చీము పడితే అది ఎముక దాకా పోతుంది. రోజూ పాదం చూడాల్సిందే. జవాబు ఏళ్ల మీద దొరికింది. గోడ కంతలో పాదం పెట్టి ఆకురాయి పట్టించుకునే ఏనుగులు తయారయ్యాయి. క్షయ పరీక్ష కోసమైతే తొండంలో ఉప్పునీరు పోయించుకుని, తొండం పైకెత్తి కాసేపు ఉంచి, తర్వాత సంచిలోకి ఊదేస్తాయి. మత్తుతో చేయలేని పరీక్ష ఇది, ఏనుగు ఊదాలి కదా. 2011లో అమెరికా జూల సంఘం, అడ్డు లేకుండా ఏనుగు పక్కన పనిచేసే పద్ధతిని కొన్ని మినహాయింపులతో 2014 నాటికి వదిలేయాలని తీర్మానించింది.

ఏనుగుకు తెలివి ఎక్కువ, నేర్చుకుంది, సరే. మరి పిరికి జంతువుల సంగతి? డెన్వర్ జూలో 1990లలో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ సాయంతో బోంగో, న్యాలా అన్న ఆఫ్రికా జింకల మీద పని మొదలుపెట్టారు. న్యాలాది ఉలిక్కిపడితే కంచెకు గుద్దుకుని మెడ విరుచుకునే రకం. దాన్ని పెట్టెలోకి రప్పించి, తలుపు మూసి, రక్తం తీయాలి. తలుపు జరిగే చప్పుడే దానికి భూకంపం. అందుకని మొదట్లో తిండి పెట్టడం కూడా కాదు పని. తలుపును వేలెడంత జరపడం, జింక చెవులు నిక్కించి అటు తిరగగానే ఆపేయడం. తిరిగి చూడటం కుతూహలం, దాని తర్వాతి మెట్టు బెదురు. ఆ రెండో మెట్టు ఎక్కనివ్వకూడదు. రోజుల తరబడి తలుపుతోనే గడిచింది. చివరికి పెట్టెలో మేత నములుతూ నిలబడిన జింక కాలి నుంచి రక్తం తీశారు. భయపడినప్పుడు రక్తంలో ఎగిసే కార్టిసాల్ హార్మోను దాదాపు ప్రశాంతంగా ఉన్నప్పటి స్థాయిలోనే ఉంది. అంటే అంతకుముందు మత్తిచ్చి, పట్టి ఉంచి తీసిన రక్తంలో కొలిచిన అంకెల్లో జంతువు ఎంత, దాని భయం ఎంత అన్నది కూడా ప్రశ్నే.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. మధుమేహం ఉన్న చింపాంజీ రక్తమూ మూత్రమూ ఇవ్వడం నేర్చుకున్న వైనం 1996లో అచ్చయింది. శాన్ డియేగో జూలో పాండాలు ఇనుపగొట్టంలోకి చెయ్యి చాపి, లోపలి కడ్డీ పట్టుకుని రక్తం ఇచ్చాయి. బంధనంలోని గొరిల్లాలను, ముఖ్యంగా మగవాటిని, గుండెజబ్బు చంపుతోందని తేలాక అట్లాంటా జూలో 2009లో ఓజీ అన్న ముసలి గొరిల్లా తన ఇష్టంతో రక్తపోటు చూపించుకుంది. అందుకు పట్టీని జార్జియా టెక్ విద్యార్థులు ప్రత్యేకంగా తయారుచేశారు. మామూలు పట్టీ ఆ చేతికి ఎటూ చాలదు.

కోవిడ్ కాలంలో ఈ విద్య ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా లోకమంతా తెలిసింది. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో నాడియా అన్న పులికి మత్తిచ్చి నమూనా తీశారు. మిగతా పులులకూ సింహాలకూ మత్తివ్వడం ఎందుకని మల పరీక్షలతో సరిపెట్టారు. 2021 మేలో మన హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల తేల్చింది, దేశంలో జంతువుల్లో బయటపడ్డ మొదటి సంగతి అదే. ముక్కూ గొంతుల నుంచి నమూనా తీయడం ఎంత కష్టమో చూశాక, మలంతో పరీక్షించే పద్ధతి మీద లాకోన్స్ దృష్టి పెట్టింది. అదే ఏడాది జూలైలో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ జూ జంతువులకు టీకాలు మొదలుపెట్టినప్పుడు, ముందు వేయించుకున్న వాటిలో పులులున్నాయి. జాలీకి తొడ ఆనించి నిలబడటం వాటికి అప్పటికే వచ్చు.

మన దేశంలో ఏనుగుల లెక్క వేరు. 2009లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ జూలలో ఏనుగుల ప్రదర్శన వద్దంది. ఎక్కువ ఏనుగులు ఉన్నవి గుళ్లలో, అటవీ శాఖ శిబిరాల్లో, ఊరేగింపుల్లో. అక్కడ గోడ లేదు, మావటి ఉన్నాడు. మావటి విద్యను అంకుశానికి కుదించడం అన్యాయం. ఏనుగు పేడ రంగు చూసి జబ్బు చెప్పగలిగినవాడు, నదిలో దాని ఒళ్లు తోమి దాని పక్కనే పడుకునేవాడు మావటి. కానీ ఆ విద్యంతా ఒక్క మనిషికీ ఒక్క ఏనుగుకీ మధ్య ఉండిపోతుంది. మనిషి మారితే కొత్తవాడు మళ్లీ మొదటి నుంచి భయం నేర్పాలి. పొలాల మీద పడ్డ అడవి ఏనుగులను మళ్లించే కుంకీ ఏనుగు మీద మావటి స్వారీ చేయాల్సిందే, గోడ చాటు నుంచి ఆ పని జరగదు. చిత్తూరు జిల్లా రైతుకు కావాల్సింది కూడా అలాంటి ఏనుగే. మథుర దగ్గర వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ నడిపే ఏనుగుల కేంద్రంలో, సర్కసుల నుంచీ భిక్షాటన నుంచీ తెచ్చిన ఏనుగులకు టార్గెట్ కర్రతో పాదవైద్యం చేస్తున్నారు గానీ, అవి పనికి వెళ్లాల్సిన ఏనుగులు కావు.

పనిచేసే ఏనుగుకు ఇది కుదురుతుందా అని నేపాల్‌లో చూశారు. అక్కడ మావటీల చేతుల్లో సంప్రదాయ పద్ధతిలో పెరిగిన ఐదు ఆడ ఏనుగులకు క్షయ పరీక్షకు కావాల్సిన తొండం కడుగుడును ఈలతో, అరటిపండు ముక్కలతో నేర్పారు. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. వాటిలో నాలుగు గున్నలు, నాలుగూ నేర్చుకున్నాయి. ఐదోది యాభై ఏళ్ల వయసున్న పెద్ద ఏనుగు, అది పూర్తిగా నేర్చుకోలేదు. ఒంట్లో ఓపిక తగ్గడమో, ఎప్పుడూ ఎవరో ఒకరి ఆజ్ఞ కోసమే ఎదురుచూసిన అలవాటో, లేక రెండూనో. గున్నల మావటీలకు మాత్రం, పరీక్షకు నీళ్లు తెచ్చేసరికి తొండం ఎత్తే ఏనుగులు దొరికాయి.